పోలింగుకు ముందే పడే ఓటు



ఏ మాస్టారి పేరున మనం ఈ ఉపన్యాసం పెట్టుకుంటున్నామో, ఆయన డ్యూటీ పడిన ప్రతి ఎన్నికకూ పెట్టెలు, లక్క, ఓటర్ల జాబితా సర్దుకుని ముందురోజే ఏదో ఒక పల్లెకు వెళ్లిపోయేవారు. ఊరందరి చేతా ఓటు వేయించే మనిషికి తన ఓటు మాత్రం పోస్టులో రావాలి, పోస్టులోనే పోవాలి. ఒక్కోసారి ఫలితాలు వచ్చాక కవరు ఇంటికి చేరేది. అందుకే ఈ ఏడు ఈ విషయం ఎంచుకున్నాను. పోలింగు రోజు రాకముందే ఓటు వేసే వీలు మన దేశంలో ఎవరికి ఎప్పుడు దక్కింది, ఎవరికి ఇంకా దక్కలేదు అన్నదే నేను చెప్పబోయేది.

స్వతంత్ర భారతంలో తొలి సార్వత్రిక ఎన్నికలు మొదలైందే ముందు పడిన ఓట్లతో. హిమాచల్ కొండల్లో చినీ అనే చోట మంచు దారులు మూసేయకముందే, 1951 అక్టోబరు 25న పోలింగు జరిపారు. అక్కడ ఓటేసిన బడిపంతులు శ్యామ్ శరణ్ నేగి. మద్రాసు రాష్ట్రంలో ఉన్న మనవాళ్ల వంతు 1952 జనవరిలో వచ్చింది. అంటే వాతావరణం అడ్డొస్తే తేదీ మార్చాలన్న ఇంగితం మన ఎన్నికల వ్యవస్థకు పుట్టుకతోనే ఉంది. మనిషికి అడ్డొస్తే ఏం చేయాలన్నది మాత్రం మెల్లగా, విడతలుగా నేర్చుకుంది.

1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో 60వ సెక్షన్ ఉంది. ఎన్నికల డ్యూటీలో ఉన్న ఉద్యోగులకు పోస్టల్ ఓటు నియమాల ద్వారా వస్తే, సైనికులు, ముందస్తు నిర్బంధంలో ఉన్నవారు పోస్టు ద్వారా ఓటు వేయవచ్చని చెప్పేది ఈ సెక్షనే. మన జిల్లా నుంచి సైన్యంలో చేరిన కుర్రాళ్లకు దశాబ్దాలపాటు అదే ఆధారం. 2016లో నియమాలు మార్చి, వారికి బ్యాలెట్టును ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపడం మొదలుపెట్టారు. నింపిన బ్యాలెట్టు తిరిగి రావలసింది మాత్రం ఇప్పటికీ తపాలాలోనే.

అసలైన మలుపు 2019 అక్టోబరులో. 80 ఏళ్లు దాటినవారు, 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్నవారు ఇంట్లోనే ఓటు వేయవచ్చన్నారు. ఆ ఏడాది జార్ఖండ్‌లో కొన్ని నియోజకవర్గాల్లో ఆరంభించారు. మరుసటేడు కరోనా రోగులనూ కలిపారు. 2024 మార్చిలో వయసు 85కు పెంచారు. తొలి ఓటరుగా పేరున్న నేగి నూరేళ్లు దాటాక, 2022 నవంబరు 2న తన ఇంట్లోనే పోస్టల్ బ్యాలెట్టు వేసి, మూడు రోజులకు కన్నుమూశారు.

ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఎన్నికల్లో ఈ సౌకర్యం తొలిసారి అందింది 2024లో. మే 13న పోలింగు. అంతకు ముందే మా వీధికి ఒక బృందం వచ్చింది. ఇద్దరు పోలింగు అధికారులు, పోలీసు, వీడియో తీసే అబ్బాయి. వెళ్లింది ఒంటి కదురు రాట్నం మీద జీవితమంతా నూలు వడికిన ఒక మామ్మ ఇంటికి. మంచం పక్కన స్టూలు వేసి, దాని మీద అట్టపెట్టె మరుగు నిలబెట్టారు. "ఏటి బాబూ, బూతే మా ఇంటికొచ్చినాదా!" అందామె. పొందూరు సన్ననూలు తీసిన ఆ వేళ్లు పెన్ను పట్టుకుని, కాగితం మీద గుర్తు పెట్టడానికి చాలాసేపు తీసుకున్నాయి. ఎవరూ తొందరపెట్టలేదు. బ్యాలెట్టు చిన్న కవరులోకి వెళ్లింది. ఆ కవరూ, ఆమె వేలిముద్ర వేయగా అధికారి ధ్రువీకరించిన 13ఏ డిక్లరేషన్ ఫారమూ కలిసి పెద్ద కవరులోకి వెళ్లాయి.

ఈ 13ఏ కాగితాన్ని చిన్నచూపు చూడకండి. అది లేకపోయినా, దాని మీద ధ్రువీకరణ లేకపోయినా, లోపలి కవరు విప్పకుండానే ఓటును పక్కన పడేస్తారు. 2024లో ఉద్యోగుల పోస్టల్ ఓట్లపై మన రాష్ట్రంలో పెద్ద తగాదా నడిచింది. అధికారి సంతకం ఉండి, పేరూ ముద్రా లేకపోతే ఆ ఓటు చెల్లుతుందా? హైకోర్టు దాటి సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. లెక్కింపు జూన్ 4న అనగా, 3న సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించింది. పోస్టల్ ఓట్లను లెక్కించేదే ముందు కాబట్టి, ఆ కాగితం విలువ ఆ ఉదయం అందరికీ తెలిసింది.

ఇక నా మనసులో ఉన్న మాట. టెక్సాస్‌లో స్థిరపడి అక్కడి పౌరులైన మన పిల్లలు ఎన్నికకు రెండు వారాల ముందే, ఏ కారణమూ చూపకుండా, కేంద్రానికి వెళ్లి ఓటేసి వస్తారు. ఇక్కడ మంచం పట్టిన తల్లి ఇంట్లోనే వేస్తుంది. హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనికి వెళ్లిన మరో కొడుకు మాత్రం రెండు రోజుల కూలి పోగొట్టుకుని, బస్సులో రాత్రంతా నిలబడి రావాలి. లేదా ఓటు వదులుకోవాలి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి ఇలా వెళ్లినవాళ్లు లేని ఊరుందా? 2023 జనవరిలో కేంద్ర ఎన్నికల సంఘం ఒకే చోట నుంచి 72 నియోజకవర్గాల ఓట్లు వేయగల యంత్రాన్ని పార్టీల ముందుకు తెచ్చింది. చాలా పార్టీలు ఒప్పుకోలేదు. మాట అక్కడే ఆగిపోయింది.

యంత్రమే రానక్కర్లేదంటాను. 60వ సెక్షన్‌లోని సి క్లాజు కింద, ప్రభుత్వంతో సంప్రదించి కొత్త తరగతుల ఓటర్లను పోస్టల్ ఓటుకు చేర్చే అధికారం ఎన్నికల సంఘానికి ఉంది. వృద్ధులు వచ్చింది ఆ దారినే, వలస కూలీలూ అలాగే రావచ్చు. మేస్త్రీలు కవర్లు పోగుచేసి తామే గుర్తులు పెడతారన్న భయం నిజమైనదే. అందుకే కవరు కూలీ చేతికివ్వకుండా, ఉద్యోగులకు పెట్టినట్టే వలస కూలీలున్న నగరాల్లో ఫెసిలిటేషన్ కేంద్రాలు పెట్టి అక్కడే వేయించాలి. ఉద్యోగి గైర్హాజరును గుర్తించిన చట్టం కూలీ గైర్హాజరును గుర్తించకపోవడం అన్యాయం.

అది సాధించేలోగా చేతిలో ఉన్నదాన్ని జారవిడుచుకోకండి. ఇంట్లోనే ఓటు వేయాలంటే, నోటిఫికేషన్ వచ్చిన అయిదు రోజుల్లోగా 12డీ దరఖాస్తు ఫారం బూత్ స్థాయి అధికారికి (బీఎల్ఓ) అందాలి. వైకల్యం ఉన్నవారు సర్టిఫికెట్టు నకలు జతచేయాలి. ప్రతి ఎన్నికకూ మళ్లీ ఇవ్వాలి. ఇచ్చాక జాబితాలో పేరు పక్కన గుర్తు పడుతుంది, ఇక బూతులో ఓటు ఉండదు. బృందం వచ్చినప్పుడు ఇంట్లో లేకపోతే ఇంకొక్కసారే వస్తుంది. మీ వీధిలో 85 దాటిన పెద్దలు ఎవరున్నారో వచ్చే ఎన్నికకు ముందే చూసి పెట్టుకోండి.