దుర్భిణీతో దూరం కొలవడం



కాంటూరు గట్లు వేయడానికి మీ చేలోకి వచ్చిన సర్వేయరు ముక్కాలి స్టాండుపై దుర్భిణీ నిలిపి, ఎదుట ఒకరి చేత అంకెల కర్రను పట్టించడం మీరు చూచే ఉంటారు. గొలుసు లాగకుండానే ఆయన దూరం వ్రాసుకుంటారు. ఇందులో మాయ ఏమీ లేదు.

దుర్భిణీలో అడ్డంగా మూడు సన్నని గీతలుంటాయి. పై గీత కర్రపై 1.62 మీటర్ల వద్ద, క్రింది గీత 1.17 వద్ద పడినదనుకోండి. తేడా 0.45. దానిని 100తో హెచ్చవేస్తే 45 మీటర్లు, అదే దూరం. సాధారణంగా ఈ పరికరాలను నూటికి ఒకటి వచ్చేటట్లే తయారుచేస్తారు. దూరం ముందే తెలిస్తే లెక్కను తిరగవేసి ఎత్తు చెప్పవచ్చును. 600 మీటర్ల దూరాన రెండు గీతల నడుమ సరిగా ఇమిడిన తాటిచెట్టు ఎత్తు 6 మీటర్లు.

నడిమి గీత పని వేరు. అది మట్టం చూపుతుంది. కంటికి చదునుగా కనబడే చేలో కూడా జానెడు వాలు దాగి ఉండవచ్చు. కంటి అంచనాతో వేసిన గట్టు వద్ద నీరంతా పల్లపు మూలకు చేరి, ఒక్క జడివానకే గండిపడుతుంది. గట్టుతోపాటు పైమట్టీ పోతుంది.

కర్ర పట్టేది తరచు మన పిల్లలే. కర్ర నిట్టనిలువుగా ఉండాలని వారికి చెప్పండి. ముందుకో వెనుకకో వాలితే అంకె అసలుకన్న ఎక్కువ వస్తుంది. గీతల తేడాలో వచ్చిన తప్పు దూరంలో నూరు రెట్లవుతుంది. మిట్టమధ్యాహ్నం నేల సెగకు అంకెలు వణుకుతాయి. ఉదయమే రమ్మని సర్వేయరును అడగడానికి మొగమాటపడకండి. వచ్చినప్పుడు మీరూ ఒకసారి అందులోనుండి చూడండి. పాత పరికరమయితే కర్ర పట్టిన మనిషి తలక్రిందులుగా కనబడతాడు, కంగారుపడనక్కరలేదు.