గేటు లోపలికి ఎవరొచ్చారు?

(గోదావరి డెల్టాలోని ఒక పేటలో జరిగిన సభలో చేసిన ప్రసంగం)



కాలేజీ చరిత్ర చెప్పమంటే పెద్దలు భవనాల లెక్క చెబుతారు. పునాది ఎప్పుడు వేశారు, గదులు ఎన్ని కట్టారు, ఏ దొర పేరు పెట్టారు అని. మేము ఇంకో లెక్క చెప్పడానికి వచ్చాం. ఆ గేటు లోపలికి ఎవరొచ్చారు, ఎవరు బయట నిలబడిపోయారు అన్న లెక్క.

ముందు మన పక్కనున్న మచిలీపట్నం సంగతి చూద్దాం. 1843లో రాబర్ట్ నోబుల్ దొర అక్కడ బడి పెట్టాడు. తర్వాత అదే నోబుల్ కాలేజీ అయింది. ముందు పై కులాలవాళ్లకు చదువు చెప్పాలన్నది ఆయన పద్ధతి. అందుకని మాల మాదిగ పిల్లల్ని చేర్చుకోలేదు. బైబిలు చెప్పే బడిలోనే మనకు గడప దాటే వీల్లేకపోయింది. మరి ఏమైంది? 1852లో ఇద్దరు పైకులాల విద్యార్థులు బాప్తిస్మం తీసుకున్నారు. అంతే, బడి దాదాపు ఖాళీ అయిపోయింది!

ఇప్పుడు మన గోదావరికి వద్దాం. బౌడెన్, బీర్ అనే ఇద్దరు దొరలు నర్సాపురం వచ్చారు. 1845లో రాజమండ్రిలో జర్మన్ లూథరన్లు పని మొదలుపెట్టారు. 1850 తర్వాత అది అమెరికా లూథరన్ల చేతికి వచ్చింది. 1869లో వాళ్లు రాజమండ్రిని వదులుకోబోతే, డెబ్బై ఆరేళ్ల హేయర్ దొర మళ్లీ ఓడెక్కి వచ్చాడు. ఆయన పట్టుదలను మేము కాదనం. కానీ దొరలు వచ్చారు, పోయారు. పల్లెల్లో సంఘాలను నిలబెట్టింది ఎవరు? మన పేటలు. పొద్దంతా ఊడ్చి, కోసి వచ్చిన మన తల్లులు, కుండలో పోసే బియ్యంలోంచి పిడికెడు తీసి పక్కన పెట్టారు. ఆ పిడికెడు బియ్యం గుడిని నడిపింది.

ఆ పేటల పిల్లలే రాజమండ్రి లూథర్‌గిరికి చేరారు. పాలేరు కొడుకు అక్కడ గ్రీకు, హీబ్రూ అక్షరాలు దిద్దాడు. వేదం వింటే చెవిలో సీసం పొయ్యమన్న దేశంలో ఇది చిన్న సంగతా?

అప్పటిదాకా ఏ మిషన్ పాస్టర్ల బడి ఆ మిషన్‌ది. లూథరన్లది రాజమండ్రిలో, ఇంకొకరిది డోర్నకల్‌లో. ఇలాంటి బడులు కలిసి 1964లో లూథర్‌గిరిలోనే ఆంధ్రా క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీ అయ్యాయి. 1970ల మొదట్లో ఆ కాలేజీ హైదరాబాదు గాంధీనగర్‌కు, ట్యాంక్‌బండ్ కిందికి తరలిపోయింది. సెరాంపూర్ డిగ్రీలిచ్చే పెద్ద కాలేజీగా ఎదిగింది. మంచిదే. అయితే కాలేజీ పట్నం చేరితే పేట నుంచి దారి కూడా పొడుగవుతుంది. రైలు ఖర్చు ఎవరిస్తారని అడిగే తల్లి మన ఇళ్లల్లోనే ఉంది.

ఇంకో గేటు ఉంది. దానికి తాళం వేసింది ప్రభుత్వం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, హిందువు అయితేనే ఎస్సీ అంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు. క్రైస్తవ దళితులను కలపలేదు. మన రాష్ట్రంలో వాళ్లను బీసీ-సీలో వేసి ఒక్క శాతం చేతిలో పెట్టారు. 1977లో 341 నంబరు జీవో స్కాలర్‌షిప్పులు, హాస్టళ్ల వంటివి ఇచ్చింది గానీ ఉద్యోగాల రిజర్వేషన్ ఇవ్వలేదు. దేవుడు మారితే ఊరి బావి మారిందా? 1985లో కారంచేడులో, 1991లో చుండూరులో నరికినవాళ్లు మతం అడిగి నరకలేదు. కులం చూసి నరికారు.

మనల్ని మనమూ అడుక్కోవాలి. మాల పిల్లాడికి దొరికిన బెంచీ మాదిగ పిల్లాడికి దొరికిందా? రెల్లి పిల్లకి దొరికిందా? మన ఆడపిల్లలు ఎంతమంది ఆ గేటు దాటారు? నోబుల్ దొర చేసిన తప్పునే మనం చిన్న ఎత్తున చేస్తున్నామేమో చూసుకోవాలి.

అందుకని ఒక్క పని చెప్పి ముగిస్తాం. ప్రతి పేటలో ఒక నోటు పుస్తకం పెట్టండి. పదో తరగతి దాటినవాళ్లు ఎందరు, కాలేజీకి చేరినవాళ్లు ఎందరు, మధ్యలో ఆగినవాళ్లు ఎందరు, ఎందుకు ఆగారు, రాయండి. మన పేరు మీద నడిచే ఏ సంస్థ దగ్గరికైనా ఆ పుస్తకం పట్టుకుని వెళ్లి లెక్క అడుగుదాం. పిడికెడు బియ్యం పెట్టిన చేతికి లెక్క అడిగే హక్కుంది.

జై భీమ్!