గుండె జబ్బుకు కులం లేదా?

(షాద్‌నగర్ సభలో చేసిన ప్రసంగ పాఠం)



గుండెకు కులం లేదంటరు. ఒక్క అర్రలో పదిమందిని పండబెట్టిన వాడకు కులం ఉంది గదా! ఆ ఇరుకులో ఒక పిల్లగాని గొంతునొప్పి ఇంకొకనికి అంటుకుంటది. మందు పడకపోతే, 5 నుంచి 15 ఏండ్ల పిల్లల్లో కొందరికి అదే కీళ్లవాత జ్వరమై గుండె కవాటాలను చెడగొడతది. గుండె నెత్తురు తోడలేక ఆయాసం, కాళ్లవాపు వస్తయి. డాక్టర్లు హార్ట్ ఫెయిల్యూర్ అనేది దీన్నే. పెద్దలకు బీపీ, షుగర్, పొగాకు, తాగుడు కూడా దీనికి దారులే.

ఆ జ్వరం ఒకసారి వచ్చిన పిల్లలకు మూడు నాలుగు వారాలకోసారి పెన్సిలిన్ సూది ఏండ్ల తరబడి పడాలె. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ కవాటం ఆపరేషన్‌కు డబ్బు కడతది. అందాకా ఎందుకు పోనియ్యాలె? షాద్‌నగర్ సర్కారు దవాఖానలో అడుగుదాం: మా వాడలో ఎందరు పిల్లల గొంతు చూసిన్రు? ఎందరికి సూది పడుతోంది?