ఎండ యున్నదని మాత్ర మానవచ్చునా?



ఇటీవల మేమొక గ్రామమునకు పోయినప్పుడు ఒక పెద్ద రైతు మమ్ములనిట్లు అడిగినారు: "అయ్యా, ఎండలో వచ్చే డి విటమిను రక్తపుపోటును తగ్గిస్తుందటగా. పొద్దస్తమానం పొలంలో ఉండేవాణ్ణి, నాకు మాత్రలెందుకు? మానేశాను." ఆరోగ్య కార్యకర్త వెంటనే పరీక్షింపగా పోటు 170 దాటియున్నది. ఆయనకు తలనొప్పియైనను లేదు!

వారు విన్న మాటకు ఆధారము లేకపోలేదు. చర్మముపై ఎండ సోకగా శరీరమందు డి విటమిను తయారగును. ఎముకల పుష్టికి అది ఆవశ్యకము. ఇక మూత్రపిండములు రెనిన్ అను పదార్థమును విడుదల చేయును. దాని ప్రేరణచే ఆంజియోటెన్సిన్ పుట్టి రక్తనాళములను బిగించును; ఉప్పును, నీటిని శరీరమున నిలువజేయును. కాలువ ఇరుకై నీరు హెచ్చినచో గట్లపై ఒత్తిడి పెరుగును గదా! రక్తపుపోటును అట్లే పెరుగును. డి విటమిను ఈ రెనిన్‌ను అదుపులో నుంచునని 2002లో చికాగో విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ఎలుకలయందు కనుగొనిరి.

అయితే ఎలుకలయందు కనబడినదెల్ల మనుష్యులయందు ఫలింపదు. 46 పరిశోధనలను క్రోడీకరించి 2015లో పరిశీలింపగా, డి విటమిను ఇచ్చినందువలన రక్తపుపోటు తగ్గలేదని తేలినది. విటమిను కొరత యున్నవారిలో పోటు తరచుగా కనబడుట నిజమే. కాని స్థూలకాయులకు, ఇల్లు కదలనివారికి, వృద్ధులకు ఈ రెండును సామాన్యములు. కావున ఒకటి రెండవదానికి కారణమని చెప్ప వీలులేదు.

మరియొక సంగతి. ఎండకు కొదువలేని తిరుపతి ప్రాంతమున సైతము డి విటమిను కొరత విస్తారముగా నున్నదని 2007లో ప్రకటితమైన పరిశోధన తెలిపినది. కొరత యున్నవారు వైద్యుని సలహాపై విటమిను తీసికొనవలెను. స్వయముగా కొని మితిమీరి వాడినచో రక్తమున కాల్షియము హెచ్చి మూత్రపిండములు చెడును.

రక్తపుపోటునకు ముఖ్యమైన కట్టుబాట్లు వేరు. ఉప్పు దినమునకు 5 గ్రాములు, అనగా ఒక చిన్న చెంచాడు మించరాదు. ఊరగాయ, అప్పడము, ఎండుచేపలలోని ఉప్పును గూడ ఇందులోనే లెక్కింపవలెను. పొగాకు మానవలెను. ముప్పదియేండ్లు దాటినవారు ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున పోటు చూపించుకొనవలెను. 140/90 గాని అంతకు మించి గాని తరచుగా నున్నచో వైద్యుని ఆశ్రయింపవలెను.

ఆ రైతు నేడు మరల మాత్రలు వాడుచున్నారు, పొలమునకును పోవుచున్నారు. వైద్యుడు చెప్పనిదే మాత్రలు మానవద్దని మీ అందరికిని మా మనవి.