నదీముఖాల పరిశోధన – మెట్ట రైతుకు దానితో పనేమిటి?



ఈవేళ చెప్పబోయే విషయం మీకు కొంచెం కొత్తగా తోచవచ్చు. నది సముద్రంలో కలిసే చోటును గురించి శాస్త్రజ్ఞులు పరిశోధన చేయడానికీ, ఆ సంగతులు బడిపిల్లలకు నేర్పడానికీ ప్రభుత్వం డబ్బు ఇస్తుంది. దీనినే గ్రాంటు అంటారు. ఆ డబ్బు ఎందుకిస్తారు, ఎవరికిస్తారు, అందులో మనకు ముట్టవలసిన ఫలం ఏమిటి? ఇదీ ఈనాటి ప్రసంగం.

“మాది మెట్ట ఊరు బాబూ, సముద్రంతో మాకేటి పని? వరికో, చెరకుకో, జీడిమామిడికో పనికొచ్చే మాటుంటే చెప్పండి” అని మీరనవచ్చు. న్యాయమైన మాటే. అయితే ఒక్క సంగతి ఆలోచించండి. వానాకాలంలో మీ మడి గట్టు పొర్లి పోయిన నీరు ఎక్కడికి పోతున్నది? సబ్బవరం దాపుల కురిసిన వానలో కొంత మేఘాద్రిగెడ్డకు చేరుతుంది. అనకాపల్లి వైపు పల్లంలో పడినది శారదా నదికి చేరుతుంది. మేఘాద్రిగెడ్డ జలాశయం నీరు విశాఖపట్నం వాసులు తాగుతున్నారు. ఆ గెడ్డ సముద్రాన్ని తాకే చోట ఒకప్పుడు ఉప్పునీటి బురదనేల ఉండేది. దానిని తవ్వి లోపలి రేవు కట్టారు. 1933లో అందులోకి ఓడలు రావడం మొదలయింది. ఇక శారద, రైవాడ జలాశయం దాటి, అనకాపల్లి మీదుగా పోయి, వరాహ నది కూడా వచ్చే రాంబిల్లి తీరాన సముద్రంలో కలుస్తుంది. కాబట్టి మీ పొలంలో చల్లిన యూరియాలో పైరుకు దక్కనిది, మీ గెడ్డలో కడిగిన పురుగుమందు డబ్బాలోని విషం, అన్నీ చివరకు చేరే చోటు ఆ మొగయే. సముద్రం మనకు దూరమే గాని, మన నీటికి మాత్రం దూరం కాదు.

ఇంతకూ ఆ మొగలో ఉన్న గొప్పతనం ఏమిటి? సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఏటి నీరు తీపి. ఉప్పునీరు బరువు, మంచినీరు తేలిక. అందుచేత పోటు వచ్చినప్పుడు ఉప్పునీరు అడుగున పాకుతూ ఏటిలోకి ఎక్కుతుంది. మంచినీరు దాని పైన జారి సముద్రంలోకి పోతుంది. ఈ రెండూ రోజూ కలిసి విడిపోయే చోట, ఏరు తెచ్చిన ఒండ్రు, ఆకు, అలము పేరుకొని మంచి మేత తయారవుతుంది. అనేక రకాల రొయ్యలు సముద్రంలో గుడ్లు పెడతాయి. వాటి పిల్లలు మాత్రం పోటుతో పాటు మొగలోకి వచ్చి పెరిగి, మళ్ళీ సముద్రానికి పోతాయి. పండుగప్ప వంటి చేపలూ, పీతలూ ఈ నీటిని నమ్ముకున్నవే. మనకు నారుమడి ఎలాగో, సముద్రానికి నదీముఖం అలాగు. నారుమడి చెడగొట్టుకొని ఊడ్పు కోసం ఎదురుచూసే రైతు ఎక్కడైనా ఉంటాడా?

ఈ నారుమడి రెండు విధాల చెడుతుంది. మొదటిది, ఎరువు నీరు అధికంగా దిగితే పాచి పెరుగుతుంది. అది చచ్చి కుళ్ళేటప్పుడు నీటిలో కలిసి ఉన్న ప్రాణవాయువును హరిస్తుంది. చేప బ్రతకాలంటే లీటరు నీటిలో 4, 5 మిల్లీగ్రాముల ప్రాణవాయువైనా ఉండవలె. రెండవది, పైనుంచి మంచినీరు తగ్గినా, ఇసుక మితిమీరి తవ్వి ఏటి అడుగు పల్లం చేసినా, ఉప్పునీరు ఇంకా పైకి ఎగబాకుతుంది. అప్పుడు నష్టపోయేది జాలరి ఒక్కడే కాదు. ఏటి ఒడ్డున బావి ఉన్న రైతు కూడా. ఒకసారి బావి ఉప్పుబారితే దానిని తిరిగి తీపి చేయడం ఎంత కష్టమో తీరప్రాంతపు రైతును అడగండి.

ఈ సంగతులు కంటితో చూసి తేల్చలేము. ఏడాది పొడుగునా, పోటులోనూ పాటులోనూ, నీరు తీసి కొలవాలి. పడవ కావాలి, పరికరాలు కావాలి, కొలిచే మనుషులకు జీతాలు కావాలి. గ్రాంటు అందుకే. గ్రాంటుకూ అప్పుకూ భేదం మీకు తెలుసు: ఇది తిరిగి కట్టనక్కరలేదు. అయితే ఏ పనికి ఇచ్చారో ఆ పనికే ఖర్చుపెట్టి, లెక్క చూపి, వినియోగ పత్రం దాఖలు చేయవలె. సబ్సిడీ ఒక రైతుకు చేరుతుంది. పరిశోధన గ్రాంటు సంస్థకు చేరుతుంది, ఫలితం మాత్రం అందరికీ చేరవలసినది.

మన ప్రాంతానికి ఈ పని కొత్త కాదు. 1952లో అమెరికా నుంచి లాఫాండ్ అనే సముద్ర శాస్త్రజ్ఞుడు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి బోధన, పరిశోధన సాగించాడు. 1947లో స్థాపించిన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ 1967లో భారత వ్యవసాయ పరిశోధన మండలి కిందకు వచ్చింది. దాని ప్రాంతీయ కేంద్రం విశాఖపట్నంలో ఉన్నది. 1966లో ఏర్పడిన జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకూ అక్కడ కేంద్రం ఉన్నది. 1981లో ఢిల్లీలో సముద్ర అభివృద్ధి శాఖ ఏర్పడింది. 2006 నుంచి ఆ బాధ్యత భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ వహిస్తున్నది. విశ్వవిద్యాలయాలకు సముద్ర పరిశోధన గ్రాంట్లు ఎక్కువగా అటునుంచే వస్తాయి.

“ఇన్నేళ్ళు డబ్బు పోస్తే ఏం ఒరిగింది?” అని అడగడం తప్పు కాదు. అనకాపల్లి చెరకు పరిశోధనా స్థానం 1913లో మొదలయింది. మంచి విత్తనం ఒక్క ఏడాదిలో వచ్చిందా? ఓపిక పట్టి ఖర్చుచేసినందువల్లనే గదా తరాల తరబడి బెల్లం వండుకున్నాం. నదీముఖాల విషయంలోనూ అలాంటి ఉదాహరణ ఒకటి ఉన్నది. వివరంగా చెబుతాను, వినండి.

గోదావరి మొగ దగ్గర, కాకినాడ పక్కన కోరంగి మడ అడవులు ఉన్నాయి. ఉప్పునీటి బురదలో పెరిగే చెట్లివి. తుఫాను వచ్చినప్పుడు కెరటం తాకిడిని విరుస్తాయి. రొయ్య పిల్లలకూ, పీతలకూ నీడనిస్తాయి. పూర్వం ఈ అడవిని కూపులు వేసి పూర్తిగా నరికేవారు. నరికిన చోట మళ్ళీ చెట్టు మొలవలేదు. ఎందుకు మొలవలేదు? జనం పశువులు మేపుతున్నారనీ, కట్టెలు కొడుతున్నారనీ అన్నారు. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ వారు పరీక్షించగా అసలు కారణం వేరుగా కనబడింది. చెట్లు పోయిన నేల ఎండకు కుంగి పళ్ళెంలాగ అయింది. పోటుకు వచ్చిన నీరు అందులో నిలిచిపోయి, ఎండకు ఆవిరై, ఉప్పు పేరుకున్నది. మడ చెట్టు సైతం బ్రతకలేనంత ఉప్పు! చౌడు నేలను చూసిన రైతుకు ఇది వేరే చెప్పనక్కరలేదు.

మందు కూడా రైతుకు తెలిసినదే. నీరు వచ్చి పోయే దారి చేశారు. ఒక పెద్ద కాలువ, దానికి రెండు పక్కల చేప ముల్లు వలె చిన్న కాలువలు. రోజూ పోటు నీరు ఎక్కి దిగి ఉప్పును కడిగివేసింది. తరువాత కాలువల వెంట మొక్కలు నాటారు, చెట్లు నిలబడ్డాయి. 1990 దశకం చివరి నుంచి 2004 దాకా భారత–కెనడా పర్యావరణ నిధి సాయంతో గోదావరి, కృష్ణా మొగలలో ఈ పని జరిగింది. ఊళ్ళలో సంఘాలు పెట్టి, ఎక్కడ తవ్వాలో, ఎవరు కాపాడాలో ఊరివారితోనే నిర్ణయించారు. ఆ తరువాత 2011 నుంచి ఐక్యరాజ్య సమితి అభివృద్ధి సంస్థ ద్వారా వచ్చిన అంతర్జాతీయ గ్రాంటుతో గోదావరి నదీముఖ పరిరక్షణ పథకం నడిచింది. చూశారా! కారణం తెలియకుండా లక్ష మొక్కలు నాటినా ఎండిపోయేవి. కారణం తెలిసిన తరువాత పార పట్టిన కూలీయే పని చక్కబెట్టాడు. పరిశోధన విలువ అదే.

ఇక్కడ ఇంకొక దేశం సంగతి చెప్పుకోవాలి. అమెరికాలో 1862లో ఒక చట్టం చేసి, ప్రభుత్వ భూములిచ్చి, వాటి ఆదాయంతో వ్యవసాయ కళాశాలలు పెట్టించారు. బోధన, పరిశోధన, విస్తరణ అనే మూడు పనులూ ఒకే గూటి కిందకు వచ్చినది ఆ బాటలోనే. 1964లో మన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం కూడా ఆ నమూనా మీదనే వెలిసింది. భూమికి చేసినది సముద్రానికి ఎందుకు చేయరాదన్న ఆలోచనతో 1966లో అక్కడ సముద్ర గ్రాంటు చట్టం వచ్చింది. అందులో డబ్బు పరిశోధనకే కాక, తీర గ్రామాలకు సలహాదారులను పంపడానికీ, బడులలో చదువు చెప్పడానికీ ఖర్చవుతుంది. మనం పట్టుకోవలసిన కీలకం అది. పరిశోధన బావి అయితే విస్తరణ కాలువ. కాలువ లేని బావి ఎంత లోతైతే మాత్రం మడి తడుస్తుందా?

మన దగ్గర లోటు ఆ కాలువలోనే ఉన్నది. గ్రాంటు సాధారణంగా రెండు మూడేళ్ళకు ఇస్తారు. గడువు తీరగానే కొలత ఆగుతుంది. నివేదిక ఇంగ్లీషులో అచ్చయి బీరువా ఎక్కుతుంది. ఏ నీరు కొలిచారో ఆ నీటి ఒడ్డున ఉన్నవాడికి మాత్రం ఒక ముక్క తెలియదు. ప్రజల సొమ్ముతో తెలుసుకున్న విషయం ప్రజల భాషలో ప్రజలకు చెప్పడం దయాధర్మం కాదు, బాకీ.

ఇక బడుల సంగతి. పర్యావరణాన్ని తప్పనిసరి పాఠంగా చెప్పాలని 1991లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2001లో జాతీయ హరిత దళం పేరుతో బడులలో సంఘాలు మొదలయ్యాయి. ఆ పథకం కింద బడికి ఏడాదికి మొదట 1000 రూపాయలు, తరువాత 2500, ఆపైన 5000 ఇచ్చారు. చిన్న మొత్తమే. ఆ చిన్న మొత్తం కూడా బేనరుకూ, ఊరేగింపుకూ అయిపోతే పిల్లలకు మిగిలేది ఎండ ఒక్కటే. అదే డబ్బుతో నీటి పరీక్ష పెట్టె ఒకటి కొని, ఊరి గెడ్డ నీటిని నెలకొకసారి పరీక్షించి, గోడ మీద రాయించండి. వాన ముందు ఎంత, వాన తరువాత ఎంత, యూరియా చల్లిన వారంలో ఎంత అన్నది పిల్లలు ఇంటికి వచ్చి చెబితే, మనం వినక తప్పుతుందా?

కనుక సోదరులారా, చేయవలసిన పనులు నాలుగు.

ఒకటి: యూరియా ఒకే దఫా కుమ్మరించకండి. సిఫారసు ప్రకారం విడతలుగా, మడిలో నీరు తగ్గించి, వాన మబ్బు లేని రోజున వేయండి. ఎరువు పైరుకు దక్కుతుంది, డబ్బు మీకు మిగులుతుంది, గెడ్డ బాగుపడుతుంది.

రెండు: పురుగుమందు డబ్బాలు, స్ప్రేయర్లు గెడ్డలో, చెరువులో కడగవద్దు. కడిగిన నీటిని మందు కొట్టే పొలంలోనే చల్లండి. పొలం దిగువ గట్టున గడ్డి పెంచితే మట్టి, ఎరువు అక్కడే ఆగుతాయి.

మూడు: మీ ప్రాంతపు నీటి మీద పరిశోధన జరిగిందని తెలిస్తే, ఫలితాలు తెలుగులో చెప్పమని గ్రామసభలో తీర్మానం చేసి పంపండి. ప్రభుత్వ సొమ్ము లెక్క అడగడానికి 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉన్నది. చట్టం మాట ఎలా రాయాలో తెలియకపోతే, సబ్బవరంలోనే దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉన్నది. అక్కడి చదువరులను అడగడానికి మొగమాటపడకండి.

నాలుగు, ఇది విస్తరణ కార్యకర్తలకు: ఏడాదికొక్కసారైనా పది మంది రైతులను, పది మంది పిల్లలను రాంబిల్లి తీరానికి తీసుకువెళ్ళండి. ఆ మండలంలోని హరిపురంలో కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నది. మొగ దగ్గర జాలరులతో మాట్లాడించండి. పైవాడు వదిలిన నీరు కిందివాడికి ఎలా చేరుతున్నదో ఇద్దరూ ఎదురెదురుగా చెప్పుకుంటే, పది ఉపన్యాసాలు చేయలేని పని ఆ ఒక్క పూట చేస్తుంది.

చెరువు కింద ఆయకట్టులో తూము దగ్గరి రైతుకూ, చివరి మడి రైతుకూ మధ్య ఒక కట్టుబాటు ఉంటుంది. పైవాడు కిందివాడిని తలచుకొని నీరు పెట్టుకోవలె. శారదా నది కూడా ఒక పెద్ద ఆయకట్టు అనుకోండి. దాని చివరి మడి సముద్రంలో ఉన్నది. ఆ మడి రైతు వల భుజాన వేసుకొని తిరుగుతాడు, అంతే తేడా. సర్కారు ఇచ్చే గ్రాంటు ఆ చివరి మడి స్థితిని కొలిచి చెప్పగలదు. దానిని కాపాడే పని మాత్రం తూము దగ్గర ఉన్న మనదే.