జీరో టర్న్ మోవరు: మన్నికను పరీక్షించు విధము



అమెరికాలో డల్లాసు, అట్లాంటా, షార్లట్ మొదలగు నగరముల శివారులలో ఎకరము, రెండెకరముల స్థలమున ఇండ్లు కట్టుకొన్న తెలుగువారు అనేకులు కలరు. స్థలము గొప్పతనము గృహప్రవేశము నాడు తెలియును. దాని భారము వసంతకాలమున గడ్డి మోకాలెత్తు లేచిన నాడు తెలియును. తోసుకొనిపోవు చిన్న యంత్రముతో ఎకరము కోయుట రెండు మూడు గంటల నడక. అందుచేత కూర్చుండి నడపెడి జీరో టర్న్ మోవరు కొనవలెనను తలంపు కలుగును. దాని వెల సుమారు మూడువేల డాలర్లు మొదలు పదివేలకు పైబడి యుండును. ఇంత సొమ్ము పోసి కొన్న యంత్రము నాలుగేండ్లకే మూలబడుటయు, పదునైదేండ్లు పనిచేయుటయు కొనునాటి పరీక్షపై చాలవరకు ఆధారపడి యున్నవి.

వ్యాకరణము చెప్పుకొని బ్రతికినవానికి ఈ యంత్రములతో పనియేమని మీరడుగవచ్చును. నా కుమారుని యింట నుండు మాసములలో సమీపమునగల మరమ్మతు దుకాణమునకు పోయి, విప్పివేసిన యంత్రములను చూచుచు కూర్చుండుట నాకొక వ్యసనమైనది. క్రొత్త యంత్రములు వరుసగా నిలిపిన అంగడిలో తెలియని సంగతులు అచ్చట తెలియును.

ఇట్టి యంత్రమును 1963లో మిస్సోరీ రాష్ట్రమునందలి వారెన్స్‌బర్గున మాక్స్ స్విషర్ నిర్మించెను. మరుసటి యేడు కాన్సాస్ రాష్ట్రమున జాన్ రెజియర్ రెండు మీటలతో నడచు యంత్రమును చేసెను. నేటి యంత్రములలో ప్రధాన సూత్రము ఇది: వెనుక చక్రములు రెండింటికిని వేర్వేరుగా చమురు ఒత్తిడిచే త్రిప్పు హైడ్రోస్టాటిక్ ట్రాన్స్‌మిషనులుండును. కుడిమీట కుడిచక్రమునకు, ఎడమమీట ఎడమచక్రమునకు. ఒకటి ముందునకు, ఒకటి వెనుకకు త్రోసినచో యంత్రము నిలిచినచోటనే గిఱ్ఱున తిరుగును. సాధారణముగా ముందు చక్రములకు స్వాతంత్ర్యము లేదు. అవి ఎటు లాగిన అటు తిరుగునవి. ఈ మాట జ్ఞాపకముంచుకొనుడు, మరల పనిబడును.

కొనువారు మొదట అడుగునది అశ్వశక్తి. ఇరువదిమూడా, ఇరువదియైదా అని వాదించుకొందురు. విరటుని కొలువున గుఱ్ఱములను కాచిన నకులుడైనను గుఱ్ఱపు కాళ్ళను చూడక బలమును మాత్రము లెక్కించి యుండడు. రెండు సిలిండర్ల పేరుపొందిన ఇంజనులు, సకాలమున నూనె మార్చినచో, సామాన్యముగా మొదట చెడునవి కావు. నేను చూచినంతలో యజమానికి మిక్కిలి ఖర్చు తెచ్చునది ట్రాన్స్‌మిషను. చౌక యంత్రములలో ఇది మూసివేసిన పెట్టె. నూనె మార్చు వీలుండదు, ఫిల్టరు ఉండదు. వేసవి యెండలో ఎత్తునకు పోవునపుడు నూనె కాగి పలుచబడి, పంపు అరిగి, యంత్రము నీరసించును. బాగుచేయుటకు వీలులేదు, క్రొత్తది వేయవలెను, దాని ఖరీదు యంత్రపు వెలలో పెద్దపాలు. కావున రెండెకరములు గలవారు నూనెయు ఫిల్టరును మార్చుటకు వీలైన ట్రాన్స్‌మిషను గల యంత్రమునే కొనవలెనని నా నిశ్చితాభిప్రాయము. అంగడివాడు ఇంజను గొప్పతనమును వర్ణించుచుండగా మీరు వంగి, వెనుక చక్రముల నడుమ ఫిల్టరు ఉన్నదా అని చూడుడు.

తరువాత చూడవలసినది కత్తులను కప్పు డెక్కు. అచ్చులో ఒత్తిన పలుచని రేకుది ఒకటి, మందమైన ఉక్కు పలకలను అతికి చేసినది ఒకటి. మందమును గేజి అను సంఖ్యతో చెప్పుదురు. ఇచ్చట లోకరీతికి విరుద్ధమైన చిత్రమొకటి కలదు: సంఖ్య పెరిగినకొలది రేకు పలుచనగును. పదమూడు గేజి రెండుంబావు మిల్లీమీటర్లు. పది గేజి మూడున్నరకు కొంచెము తక్కువ. ఏడు గేజి నాలుగున్నర. రాళ్ళు, చెట్ల వేళ్ళు గల నేలకు పదికి మించిన సంఖ్య నేనంగీకరింపను. కత్తులను మోయు స్పిండిళ్ళకు గ్రీజు పెట్టు రంధ్రములుండుట మేలు.

వెడల్పు విషయమున దురాశ వలదు. నలువదియెనిమిది అంగుళముల డెక్కు గంటకు అయిదు మైళ్ళ వేగమున లెక్కప్రకారము రెండున్నర ఎకరములకు కొంచెము తక్కువగా కోయును. మలుపులు, చెట్లు తీసివేసిన రెండెకరములు. అరువది అంగుళములది మిట్టపల్లముల నేలపై ఒకచోట గడ్డిని బోడిచేసి మరియొకచోట వదలును. పెరటి గేటు కొలువక కొనినచో అది లోపలికే పోదు!

ఇక ముఖ్యమైన సంగతి. ముందు చక్రములకు స్వాతంత్ర్యము లేదంటిని గదా. వెనుక చక్రములు తడిగడ్డిపై జారినచో మీటలు మీ చేతిలోనే యుండును, యంత్రము మాత్రము మీ చేతిలో నుండదు. పెక్కు యంత్రముల సూచన పుస్తకములు పదునైదు డిగ్రీలకు మించిన వాలున నడపరాదనును. కొన్ని పదియే యనును. పదునైదు డిగ్రీలనగా పదియడుగుల సమతల దూరమునకు రెండడుగుల యెనిమిది అంగుళముల ఎత్తు. త్రాడుతో, కొలబద్దతో మీ పెరడు కొలిచి చూడుడు. జార్జియా, కరోలినా ప్రాంతములలో ఇంటివెనుక చెరువుగట్టు వాలియుండుట సామాన్యము; ఆ గట్టున ఈ యంత్రము తలక్రిందులై నీట పడుట ప్రాణాంతకము. అట్టిచోట ఎంత ఖరీదు యంత్రమైనను కొనదగినది కాదు. గడ్డి మానివేసి పొదలు నాటించుడు. మిగిలిన చోటికిని వెనుక నిలువు కమ్మి గల యంత్రమునే కొనుడు. కమ్మి నిలిపినపుడు బెల్టు కట్టుకొనవలెను. కమ్మి వంచినపుడు కట్టుకొనరాదు. మనవాండ్రు ముద్దునకు పసివానిని ఒడిలో కూర్చుండబెట్టుకొని నడపుదురు. కత్తి కొన గంటకు సుమారు రెండువందల మైళ్ళ వేగమున తిరుగుచుండును. పిల్లవాడు లోపలికి పోయి తలుపు వేసికొన్న పిమ్మటనే యంత్రమును కదలింపుడు.

హామీపత్రమున సంవత్సరములతోబాటు గంటల సంఖ్య కూడ వ్రాసియుండును. ఏది ముందైన అదియే గడువు. క్రొత్త ఇంజనుకు మొదటి నూనె ఎన్ని గంటలకు మార్చవలెనో పుస్తకమున చూడుడు. కొన్నిటికి ఎనిమిది గంటలకే. పదునైదుపాళ్ళ ఇథనాలు కలిసిన పెట్రోలు పోయరాదు, బంకులో అది కొన్ని సెంట్లు చౌకయైనను.

ధర కుదిరిన తరువాత అంగడివానిని మరియొక ప్రశ్న అడుగుడు: మే మాసమున చెడిన యంత్రము మీ మరమ్మతుశాలనుండి ఎన్ని దినములకు తిరిగివచ్చును? మూడు వారములనినచో మరియొక అంగడి చూడుడు. మంచి జవాబు వచ్చినచో, ఒక బెల్టును ఒక జత కత్తులును ఆనాడే కొని, బండిలో వేసికొని యింటికి రండు.