ఎలుకలు, పావురములు, గాలి తుపాకి

తిరునాళ్ళలో బుడగల బల్ల ముందు నిలిచి గాలి తుపాకి పేల్చని వారు మనలో అరుదు. గురి తప్పినప్పుడు తుపాకి గొట్టము వంకరగా నున్నదని చెప్పుకొనని వారు మరియు నరుదు. ఆ ఆట వస్తువును నేడు కొందరు ఇంటి పనిముట్టుగా భావించుచున్నారు. గాదెలో ఎలుకలు పడినవి, మేడ అంచులపై పావురములు చేరినవి, ఒక గాలి తుపాకి కొనితెచ్చినచో ఈ పీడ వదలును గదా యని అడుగువారు పల్లెలలోను, పట్టణములలోను కనబడుచున్నారు. ఈ ప్రశ్నకు నాకు తెలిసినంతలో సమాధానము చెప్పుదును. మొదట నేను కన్నులార చూచినది విన్నవించి, పిమ్మట శాస్త్రజ్ఞులు లెక్కించి తేల్చినది చెప్పెదను.

నా చిన్ననాట వేసవి సెలవులకు గోదావరి లంకలోని మా మేనమామగారి ఇంటికి పోవుచుంటిమి. ఒక యేడు ఆ ఇంట ధాన్యపు కొట్టములో ఎలుకలు విపరీతమయ్యెను. మా బావ పట్టణము నుండి ఒక గాలి తుపాకి తెచ్చి, రాత్రివేళ లాంతరు పెట్టుకొని కొట్టము వాకిట కూర్చుండెడివాడు. కొట్టిన ఎలుక కొక్కొక్క బొగ్గుగీత గోడపై గీచెడివాడు. పిల్లలమందరము ఉదయముననే లేచి ఆ గీతలు లెక్కించుట మాకొక వేడుక. నెల తిరుగునప్పటికి ఇరువది మూడు గీతలయ్యెను. కాని బస్తాలకు పడు చిల్లులు మాత్రము తగ్గలేదు. అప్పుడు మా అమ్మమ్మ బావను చూచి, “ఒరే, గోడమీద గీతలు లెక్కపెట్టావు గాని, గాదెకింద కన్నాలు లెక్కపెట్టావా?” అని అడిగినది. ఆ మాటకు అందరము నవ్వితిమి.

మరి రెండు దినములకు పెరటిలో పట్టపగలే ఒక పందికొక్కు రాతి రోలు ప్రక్కకు వచ్చెను. బావ గురిచూచి పేల్చెను. గుండు పందికొక్కునకు తగులలేదు. రోటికి తగిలి వెనుకకు మరలి, వసారాలో కూర్చున్న నా చెల్లెలి కంటి క్రింద నాటుకొనెను. దాని కప్పుడు ఆరేండ్లు. పడవ మీద రేవు దాటించి వైద్యుని యొద్దకు చేర్చునప్పటికి చీకటి పడినది. గుండు మరి అర అంగుళము పైగా తగిలియున్నచో కన్ను పోయెడిదని ఆయన చెప్పెను. ఆ మచ్చ ఇప్పటికిని ఆమె ముఖముపై నున్నది. బావ ఆ తరువాత తుపాకి ముట్టలేదు.

ఇట్లేల జరిగినదో తెలియవలెనన్న తుపాకి తత్త్వము కొంత తెలియవలెను. గాలి తుపాకిలో మందు ఉండదు. గొట్టమును మడిచినప్పుడు లోపలి బలమైన స్ప్రింగు ముడుచుకొని కొక్కెమునకు తగులుకొనును. మీట నొక్కగానే స్ప్రింగు విడివడి పిస్టనును ముందునకు త్రోయును. పిస్టను ముందున్న గాలి ఒక్కపెట్టున నలిగి, ఆ ఒత్తిడిచేత సీసపు గుండును గొట్టము వెంట వెలికి నెట్టును. సాధారణముగా దొరకు తుపాకి గొట్టము లోపలి వెడల్పు 4.5 మిల్లీమీటర్లు. నడుము సన్నగా, వెనుక గుల్లగా నుండు ఆ గుండు బరువు సుమారు అర గ్రాము. 10 జౌళ్ళ శక్తి గల తుపాకి నుండి అట్టి గుండు సెకనుకు 200 మీటర్ల వేగముతో వెడలును. చిన్న జంతువును చంపుటకు ఆ శక్తి చాలవలెనన్న గుండు తలకే తగులవలెను. కడుపునకు తగిలిన ఎలుక బస్తాల నడుమకు పోయి, అచట చచ్చి క్రుళ్ళును. తగులని గుండు రాతికో, ఇనుప రేకునకో తగిలి ఎటు మరలునో ఎవరును చెప్పలేరు. పైగా గుండు సీసము. సీసము విషము. తినెడి ధాన్యములో అది కలియుట ఎవరికిని సమ్మతము కాదు.

ఇక మందుతో పేలు చిన్న తుపాకుల మాట. ఒక్క గుండునకు బదులు సన్నని సీసపు గుండ్లను గుప్పెడుగా చిమ్మునవి షాట్‌గన్నులు. 12 బోరు అని మనము వినుచుందుము. గొట్టము వెడల్పునకు సరిపోవు సీసపు గుండ్లు పన్నెండు కలిపి తూచినచో ఒక పౌను తూగునని ఆ మాటకు అర్థము. ఇంగ్లండులో ఇంతకంటె చిన్నవియు వాడుకలో నున్నవి. 410 అను తుపాకి పేరులోని అంకె అంగుళములో 410 వేయవ వంతును తెలుపును, అనగా గొట్టము వెడల్పు సుమారు 10.4 మిల్లీమీటర్లు. 9 మిల్లీమీటర్ల తుపాకికి అచట తోట తుపాకియని పేరు. ధాన్యపు కొట్టములలో ఎలుకలను కొట్టుటకు దానిని వాడుచుండిరి. పది పదునైదు గజములు దాటిన పిమ్మట దాని గుండ్లకు బలము చాలదు. గోడలకును కప్పునకును హాని తక్కువ యగుటయే దాని గుణము.

తుపాకికి ఉపయోగమే లేదని నేననను. కన్నములు మూసి, తిండి దొరకకుండ జేసి, బోనులు పెట్టిన పిమ్మట బోనుకు చిక్కని జిత్తులమారి ఎలుక ఒకటి రెండు మిగులవచ్చును. అట్టి వానిని గురి తెలిసినవాడు, వెనుక మట్టికట్ట ఉన్న తావున కొట్టవచ్చును. పని చివర వాడదగిన ఆ వస్తువును మనము మొదటనే చేతబట్టుచున్నాము.

లెక్క చూడుడు. ఒక కొట్టములో నూరు ఎలుకలున్నవనుకొందము. రాత్రికొకటి చొప్పున తప్పక కొట్టినను నెలకు ముప్పదియే. ఆడ ఎలుక గర్భము మోయునది మూడు వారములే. ఈత కారేడు పిల్లలు. ఏబది ఆడ ఎలుకలలో పదియే ఆ నెలలో ఈనినను అరువది పిల్లలు పుట్టును. పైగా తుపాకికి దొరకునవి వెలుతురులోనికి వచ్చు ఎలుకలే. తల్లులును పిల్లలును కన్నములోనే భద్రముగా నుండును.

ఈ లెక్క ఊహ మాత్రమే కాదని మూడు దేశముల అనుభవము చెప్పుచున్నది. స్విట్జర్లండులోని బాసెల్ నగరమున 1961 నుండి 1985 వరకు కాల్చియు, పట్టియు దాదాపు 1,00,000 పావురములను చంపిరి. అయినను పావురముల సంఖ్య 20,000 దరిదాపులనే నిలిచెను. 1988లో డేనియల్ హాగ్-వాకర్‌నాగెల్ అను జీవశాస్త్రజ్ఞుని మార్గదర్శకత్వమున నగరమువారు దారి మార్చిరి. పావురములకు గింజలు చల్లవద్దని ప్రజలకు నచ్చజెప్పిరి. గూళ్ళు కట్టించి వానిలోని గ్రుడ్లను తీయించిరి. నాలుగేండ్లలో పావురములు సగమునకు తగ్గినవి. పాతికేండ్ల తుపాకి చేయలేని పనిని పిడికెడు గింజల నియమము చేసినది.

ఇంగ్లండులో పంటలను తిను అడవి పావురములను కాల్చుటకు ఒకప్పుడు ప్రభుత్వము తూటాల ఖర్చులో కొంత తానే భరించెడిది. ఆర్. కె. మర్టన్, ఆయన సహచరులు కేంబ్రిడ్జి ప్రాంతపు పొలములలో ఏండ్ల తరబడి ఆ పక్షులను లెక్కించి, 1974లో తమ పరిశీలనను ప్రకటించిరి. శీతకాలమున కాల్చిన పక్షులు చాలవరకు ఎటులైనను తిండి చాలక చావవలసినవే. అవి పోగా మిగిలిన వానికి తిండి ఎక్కువ దొరకెను. వసంతమునకు సంఖ్యలో భేదము కనబడలేదు.

ఎలుకల విషయమున అమెరికాలోని బాల్టిమోరు నగరమున 1940వ దశకములో డేవిడ్ డేవిస్ మున్నగువారు పరిశోధించిరి. ఊరక చంపిన వీధులలో కొలది నెలలకే ఎలుకలు మునుపటి సంఖ్యకు చేరినవి. చెత్త తీసి, నక్కు తావులు మూసిన వీధులలో తగ్గినది తగ్గినట్లే నిలిచినది. ఒక ఇంట ఎన్ని ఎలుకలుండవలెనో నిర్ణయించునవి ఆ ఇంటి తిండియు, చోటును. మా అమ్మమ్మ అడిగినదియు ఈ మాటయే.

మా మేనమామగారు ఆ ప్రమాదమైన మరువారమే తాపీవానిని పిలిపించిరి. గాదెను నేలకు రెండున్నర అడుగుల యెత్తున దిమ్మెలపై నిలిపిరి. దిమ్మె దిమ్మెకును గొడుగువలె క్రిందికి వంగిన రేకు తొడిగించిరి. ఎలుక దిమ్మె ప్రాకగలదు గాని ఆ రేకు దాటలేదు. తలుపు క్రింద ఇనుప పట్టీ వేయించిరి, కన్నములను గాజుపెంకులు కలిపిన సిమెంటుతో పూడ్పించిరి. బస్తాలు గోడకు తగులకుండ మూరెడు ఎడముగా పేర్పించిరి. అరంగుళము సందున్నచో ఎలుకయు, పావు అంగుళమున్నచో చుంచెలుకయు దూరగలవని జ్ఞాపకముంచుకొనుడు. తరువాతి వేసవికి మేము పోవునప్పటికి గోడపై గీతలు వెలిసియుండెను. క్రొత్త గీతల అవసరము కలుగలేదు.

పొలములో మాట వేరు. అచట పందికొక్కులు గట్లలో కన్నములు చేసి వెన్నులను కోసి దాచుకొనును. డెల్టా రైతులకు బుట్టలతో పట్టువారి నేర్పు తెలిసినదే. పంట చిన్నదై యుండగనే, గట్లు సన్నముగా చెక్కి, ఊరంతయు ఒకేసారి పూనుకొనవలెను. ఒక్కరి చేనిలో చంపినచో ప్రక్క చేనివి ఆ కన్నములలో చేరును. ఎర పెట్టదలచినవారు నూకలు 96 పాళ్ళు, నూనె 2 పాళ్ళు, 0.25 శాతపు బ్రోమడయోలోన్ పొడి 2 పాళ్ళు కలిపి, పొట్లములు కట్టి, ఎలుకలు మసలు కన్నములలోనే వేయవలెను. ఇది నెత్తురు గడ్డకట్టకుండ జేయు విషము. విటమిన్ కె1 దీనికి విరుగుడు. జింక్ ఫాస్ఫైడునకు విరుగుడు లేదు, కావున పిల్లలు మసలు ఇంట దాని పేరు తలపవలదు. ఏ విషమైనను వ్యవసాయాధికారి సలహా లేక వాడరాదు. చేలో టి అక్షరము వంటి కర్రలు నాటినచో రాత్రి గుడ్లగూబలు వాలి ఎలుకలను వేటాడును. గుడ్లగూబ అరిచిన అశుభమని దానిని తరుముట రైతు తన సేవకుని తాను తరుముకొనుటయే.

పట్టణపు మేడలలో పావురముల బాధ కలవారు వసారాలకు వల కట్టుడు. కూర్చుండు అంచులపై నిలువలేనంత వాలుగా పలకలు బిగింపుడు. రెట్టను పొడిగా ఊడ్వక, తడిపి, ముక్కునకు గుడ్డ కట్టుకొని తీయవలెను. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చెరుపు చేయును. గింజలు చల్లుట పుణ్యమని నమ్మువారిని నిందింపను. కాని ఒకరి పుణ్యము పొరుగింటి ఉబ్బసరోగికి శాపము కారాదు గదా.

చట్టము మాటయు చెప్పవలెను. మందుతో పేలు ఏ తుపాకికైనను 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము లైసెన్సు ఉండవలెను. 2016 నాటి నియమములను బట్టి గొట్టము 4.5 మిల్లీమీటర్లు గాని, శక్తి 20 జౌళ్ళు గాని మించిన గాలి తుపాకికిని లైసెన్సు అవసరము. గువ్వలు, పచ్చపావురములు మున్నగు అడవి పక్షులను కొట్టుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద నేరము. మసక వెలుతురులో కొమ్మపై వాలినది ఏ పక్షియో పోల్చుకొనుట ఎంతటి గురికానికైనను కష్టమే. అరుణాచల ప్రదేశమున 2021లో గాలి తుపాకులు స్వచ్ఛందముగా అప్పగింపుడని ప్రభుత్వము కోరగా, ఆ సంవత్సరాంతమునకే 1,600కు పైగా తుపాకులను ప్రజలు తెచ్చి యిచ్చిరి. అడవిలో పక్షి కూత వినబడవలెనని వారు కోరుకొనిరి.

కావున, శ్రోతలారా! తుపాకి కొనుటకు ముందు ఒక సాయంకాలము చేత దీపము పట్టుకొని గాదె చుట్టును తిరిగి చూడుడు. కన్నము లెన్ని యున్నవో, గింజ లెచట రాలుచున్నవో, తలుపు క్రింద సందెంత యున్నదో లెక్కించుడు. ఆ లెక్క సరిచేసినచో తుపాకి వెల మిగులును, ధాన్యము దక్కును. పెరటిలో ఆడుకొను పిల్లలకు కూడ భయముండదు.